చదవకూడని ప్యాసేజ్

మా షిఛియావ్ పట్టణం మొత్తం మీద ఇంగ్లీషు కథలు నాకన్నా ఎక్కువ తెలిసిన మనిషి లేడు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, లెక్క. ఈ మార్చి నెలకి మూడు వందల పన్నెండు కథలయ్యాయి. బడిలో ఇంగ్లీషు చెప్పే ఔయాంగ్ టీచరమ్మ కూడా నా ముందు దిగదుడుపే. ఓడ మునిగిన కథ కావాలా, కుక్క తప్పిపోయి ఇల్లు చేరిన కథ కావాలా, మంచులో ఇరుక్కున్న రైలు కావాలా? అడగండి, ఏం జరిగిందో చెప్తాను. ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్తాను. ఆ ఆగిపోవడం దగ్గరే మా ఇంట్లో నిప్పు రాజుకుంది.

మా అమ్మాయి సైయున్‌ది నూడుల్స్ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. బడి గేటు నుంచి మా గుమ్మం దాకా నూట యాభై అడుగులుంటుంది. అల్లుడు లారీ మీద నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు కాబట్టి ఇంట్లో మిగిలేది సైయున్, దాని కూతురు తింగ్‌యూ, నేను. తింగ్‌యూ అంటే వాన చప్పుడు వినడం అని అర్థం. ఆ పేరు నేనే పెట్టాను. "పేరుకి తగ్గట్టే పెరిగింది, వాన వింటూ కూర్చుంటుంది, పని మాత్రం కాదు," అని సైయున్ ఇప్పటికీ దెప్పుతుంది. ఈ మార్చికి పిల్ల తొమ్మిదో తరగతిలో ఉంది. జూన్‌లో పెద్ద పరీక్ష. అందులో గట్టెక్కిన సగం మంది పై చదువుల బడికి వెళ్తారు, మిగతా సగం మంది స్క్రూలు బిగించడం నేర్పే బడికి వెళ్తారు. సైయున్‌కి నిద్రలో కూడా కనిపించేది ఆ స్క్రూలే.

నిప్పు రాజుకున్న ఆ గురువారం కూడా ఎప్పటిలాగే తెల్లవారింది. పెద్ద గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి. సైయున్ ఎండు బియ్యపు నూడుల్స్ ఒక వాయి నీళ్లలోకి దించి, పచ్చ కోడిపిల్ల ఆకారంలో ఉండే టైమర్‌ని ఏడు నిమిషాలకి తిప్పింది. ఆ టైమర్‌కి మా కొట్లో రెండు ఉద్యోగాలు. వాయి ఉడకడానికి ఏడు నిమిషాలు. ఇంగ్లీషు ప్యాసేజ్ ఒకటి చదివి ప్రశ్నలకి జవాబులు పెట్టడానికీ ఏడు నిమిషాలే. గోడ పక్క బల్ల దగ్గర తింగ్‌యూ పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. నేను పీట మీద వెల్లుల్లి వలుస్తున్నాను.

"మొదలుపెట్టు. ముందు ప్రశ్నలు," అంది సైయున్ గరిటె తిప్పుతూ.

"చూశానమ్మా."

"ముఖ్యమైన మాట చుట్టూ గుండ్రం చుట్టావా?"

"చుట్టాను."

"మరి కళ్లు మొదటి లైన్లో ఏం చేస్తున్నాయి? జవాబు మూడో పేరాలో ఉంటుంది. అక్కడికి దూకు."

"మొదలు చదవకపోతే వీళ్లెవరో తెలీదు కదమ్మా."

"తెలిసి ఏం చేస్తావ్? పెళ్లికి పిలుస్తావా?"

బల్లల దగ్గర తింటున్నవాళ్లు నవ్వారు. పిల్ల నవ్వలేదు. పెన్సిల్ మొన విరిగేలా మూడో పేరాలోకి దూకింది.

ఈ పద్ధతి సైయున్ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. ఎవరో కళ్లజోడు సారు చెప్పాడట: ప్యాసేజ్ అంటే పరాయివాళ్ల ఇల్లు, దొంగలా దూరాలి, కావలసింది తీసుకోవాలి, బయటపడాలి, అంతేగానీ సోఫాలో కూర్చుని వాళ్ల పెళ్లి ఫొటోలు చూడకూడదు అని. ఆ మాట మా ఇంట్లో చట్టమైపోయింది. పదాల సంగతి ఇంకా ఘోరం. ఊరగాయ జాడీల మీద, మిరప్పొడి డబ్బాల మీద, వెనిగర్ సీసాల మీద పదేసి ఇంగ్లీషు మాటలు చీటీలు రాసి అంటించింది. వారం వారం చీటీలు మారతాయి. మా కొట్టుకి రోజూ వచ్చే ప్లంబర్ ఒకడు మిరప్పొడి వేసుకుంటూ వేసుకుంటూ 'బాధ్యత', 'పశ్చాత్తాపం' అన్న మాటలకి ఇంగ్లీషు నేర్చేసుకున్నాడు. ఇప్పుడు వాళ్లావిడ మీద వాడుతున్నాడట.

ఇక నా మూడు వందల పన్నెండు కథల సంగతి చెప్పేస్తాను, దాచుకోవడం దేనికి. నాకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. మా ఊరి బడిలో అయిదేళ్లు చదివాను, అక్కడ ఇంగ్లీషు వాసన కూడా లేదు. ఓసారి పిల్ల పుస్తకం చేతిలో పెడితే పావుగంట తలకిందులుగా పట్టుకుని తల ఊపాను. కథలన్నీ తింగ్‌యూ చెప్పినవే. సాయంత్రం అలసందకాయలు తరిగి ఊరబెట్టే వేళకి పక్కన కూర్చుని, ఆ రోజు చేసిన ప్యాసేజ్ మన భాషలో చెప్పేది. నేను ఊరుకునే రకం కాదు. "తర్వాత?" అంటాను. "అంతే తాతయ్యా, ప్యాసేజ్ అయిపోయింది," అంటుంది. "అదేంటే? కుక్క వంతెన మీదుంది, వరద వస్తోంది, అయిపోవడమేంటి?" "ప్రశ్నలకి సరిపడా కత్తిరించి ఇస్తారు తాతయ్యా." "అయితే మిగతాది నువ్వు చెప్పు."

తప్పు అక్కడ మొదలైంది. మిగతాది చెప్పాలంటే పిల్ల ఉన్నదంతా చదవాలిగా. దొంగలా వెళ్లాల్సిన పిల్ల ఇంటింటికీ చుట్టంలా వెళ్లడం మొదలుపెట్టింది.

ఆ గురువారానికి వద్దాం. ఆరూ నలభైకి ఫూ అక్క వచ్చింది. వాళ్లబ్బాయి కూడా తింగ్‌యూ క్లాసే. నూడుల్స్ గిన్నె ముందు పెట్టుకుందో లేదో ఫోన్ తీసింది.

"సైయున్, నెల పరీక్ష మార్కులు వచ్చాయి చూశావా? మావాడికి రీడింగ్‌లో నలభైకి ముప్ఫై ఎనిమిది. ఆ రెండూ ఎలా పోయాయిరా అని తిట్టాను. మీ పిల్లకెంత?"

సైయున్ చెయ్యి తుడుచుకుని ఫోన్ తెరిచింది. దాని మొహం నేను పక్కనుంచి చూస్తున్నాను. మా సైయున్‌కి కోపం వస్తే గిన్నెలో నీళ్లు పొయ్యి లేకుండానే మరుగుతాయి. ఆ రోజు మరిగాయి.

"ఇరవై నాలుగు," అంది.

"అయ్యో," అంది ఫూ అక్క, ఇంకో ముద్ద తీసుకుంటూ. "జబ్బు చేసిందా?"

సైయున్ టీచరమ్మ పంపిన పేపర్ ఫొటో పెద్దది చేసి చూసింది. అయిదు ప్యాసేజ్‌లు ఉంటాయి. చివరి రెండిట్లో ఒక్క ప్రశ్నకీ పిల్ల పెన్ను పెట్టలేదు. ఎనిమిది ప్రశ్నలు తెల్లగా మెరుస్తున్నాయి.

"తింగ్‌యూ. ఇలా రా."

పిల్ల లేచి వచ్చింది. బడి చొక్కా జిప్పు గడ్డం దాకా లాక్కుని నిలబడింది.

"ఇవి ఏంటి?"

"టైం సరిపోలేదు."

"ఎందుకు సరిపోలేదు? రోజూ పొద్దున్నే నీ నెత్తి మీద కోడిపిల్లని పెట్టుకుని నిలబడుతున్నానే! ఏడు నిమిషాలు, ఏడు నిమిషాలు అని అరిచి అరిచి నా గొంతు పోయిందే! ఎందుకు సరిపోలేదు?"

"మూడో ప్యాసేజ్ దగ్గర ఆగిపోయాను."

"కష్టంగా ఉందా?"

"లేదు. బాగుంది."

కష్టంగా ఉందని చెప్పి ఉంటే సైయున్ క్షమించేది. బాగుందట!

"ఒక దీవిలో ఉత్తరాలు పంచే ఆవిడుంటుందమ్మా," అంది తింగ్‌యూ, ఇంకా పరీక్ష హాల్లోనే ఉన్నట్టు. "నీలం పడవ. సంచీలో ఒక ఉత్తరం ఉంటుంది, దాని మీద పేరూ లేదు, ఊరూ లేదు. పదకొండేళ్లు దాన్ని మోస్తుంది. ఒక రోజు పొద్దున మళ్లీ బయటికి తీస్తుంది. అక్కడే ఆగిపోయింది. నేను పేజీ తిప్పాను, అవతల ఉంటుందేమోనని. లేదు. ప్రశ్నలేమో పడవ రంగేంటి, ఎన్నేళ్లు, గీత కింది మాటకి అర్థమేంటి, కథకి పేరేం పెట్టాలి. ఉత్తరం ఎవరిదో ఒక్కరూ అడగలేదు!"

"నువ్వెందుకు అడగాలి? అది నీకు వచ్చిందా?"

"అమ్మా..."

"చాలు." సైయున్ గొంతు తగ్గింది. దాని గొంతు తగ్గితే నాకు భయం. "సోమవారం బస్సుకి బయల్దేరు. తాళం బడిలో ముందే పేరు రాయించేశాను."

పక్క జిల్లాలో ఒక బడి ఉంది. దాని అసలు పేరు పెద్దదే, కానీ అందరూ తాళం బడి అనే అంటారు. గేటుకి తాళం. రెండు వారాలకోసారి ఇంటికి పంపుతారు. ఫోన్ లేదు. అన్నం తినడానికి పన్నెండు నిమిషాలు. అక్కడికి వెళ్లిన పిల్లలు ప్యాసేజ్ అయిదు నిమిషాల్లో చేస్తారని, పేరు పెట్టి పిలిస్తే పలకడానికి మాత్రం అరగంట పడుతుందని చెప్పుకుంటారు.

తింగ్‌యూ మొహం తెల్లబోయింది. "నాకు చెప్పకుండానా?"

"నాకు చెప్పి ఖాళీగా వదిలేశావా? నీ తప్పుల పుస్తకం తియ్యి."

తప్పుల పుస్తకం తెలియని ఇల్లు మా వీధిలో లేదు. తప్పిన ప్రశ్న నల్ల సిరాతో, సరైన జవాబు ఎర్ర సిరాతో ప్రతి పిల్లా రాసుకోవాలి. కింద తల్లి సంతకం. తింగ్‌యూ కదల్లేదు. సైయున్ తనే సంచీ గుంజి పుస్తకం లాగింది. తెరిచింది. ఎర్ర సిరా ఎక్కడా లేదు. పేజీల నిండా ఇంగ్లీషు, చీమల బారులా, ఒకదాని కింద ఒకటి, ప్రశ్న లేదు, జవాబు లేదు.

సైయున్ తొమ్మిదో తరగతి దాకా చదివింది. అక్కడో మాట, ఇక్కడో మాట పట్టుకోగలదు. ఏం మాటలు పట్టుకుందో ఏమో, చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ తీసి ఆ పేజీని ఫొటో కొట్టింది. ఈ ఫోన్లలో అనువాదం చేసి పైకి చదివే యంత్రం ఒకటుంటుంది కదా, దాని గొంతు మనిషిలా ఉంటుంది, మనసు మాత్రం ఇత్తడి గంటలా ఉంటుంది. పదిమంది తింటున్న కొట్లో అది పైకి చదివింది:

"నేను నీ కోసం పడవ దగ్గర పదకొండు సంవత్సరాలు ఎదురు చూశాను. తలుపు తీయి. ఇది నా ఉత్తరం."

ఫూ అక్క నోట్లోకి వెళ్లాల్సిన నూడుల్స్ గడ్డం మీదే ఆగిపోయాయి.

"ఎవడు వాడు?" అంది సైయున్.

"ఎవడెవడు?"

"పడవ వాడు! పెద్ద పరీక్షకి మూడు నెలలున్నాయనగా ప్రేమలేఖలా? ఇంగ్లీషులో రాస్తే నాకు తెలీదనుకున్నావా?"

నేను ఉండబట్టలేక అన్నాను: "అమ్మాయ్, పిల్లకి పద్నాలుగేళ్లు. పదకొండేళ్లు ఎదురు చూసిందంటే మూడో ఏటే మొదలెట్టి ఉండాలి. అప్పుడు దానికి చెప్పులు కూడా నువ్వే తొడిగేదానివి."

బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అది తప్పైపోయింది. నవ్వు సైయున్‌కి కత్తిలా తగిలింది. పుస్తకం విసిరికొట్టింది. అది గోడకి తగిలి, కింద నూడుల్స్ నానబెట్టిన బకెట్టులో పడింది.

తింగ్‌యూ అరవలేదు. బకెట్టు వంక చూసింది. సిరా నీళ్లలోకి దిగుతోంది, నీలంగా, సన్నగా. అప్పుడు తల్లి వైపు తిరిగింది. ఆ పిల్లకి కోపం వస్తుందని నాకు పద్నాలుగేళ్లుగా తెలీదు.

"అవి కథలు. కత్తిరించేసిన ప్యాసేజ్‌ల మిగతా కథలు. నలభై ఒకటి. తాతయ్య అడిగితే రాశాను. నీ జాడీల మీది మాటలన్నీ అందులో ఉన్నాయి, ఒక్కటి కూడా వదల్లేదు. నువ్వు చదివావా? ఒక ముక్క కోసుకుని యంత్రం చేత చదివించావు. పరీక్షలో రాసిన పన్నెండు ప్రశ్నలూ కరెక్టే, అది చూశావా? చూడలేదు. నువ్వు నన్ను కూడా అలాగే చదువుతావమ్మా. ఎన్ని మార్కులు? ఎన్నో ర్యాంకు? సంతకం ఎక్కడ? ప్రశ్నలు చూసుకుని జవాబులు ఏరుకుంటావు. ప్యాసేజ్ చదవవు. నేనెవరో నీకు తెలీదు!"

"తింగ్‌యూ!"

"తాళం బడికి వెళ్తాను. అక్కడి వాళ్లు కనీసం నా పేరు తెలుసని అబద్ధం చెప్పరు."

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నూట యాభై అడుగులూ వెనక్కి చూడలేదు. నేను లెక్కపెట్టాను.

తింటున్నవాళ్లు ఒక్కొక్కరే గిన్నెలు పక్కకి జరిపి లేచారు. ఫూ అక్క ఏదో ఓదార్పు చెప్పబోయి, సైయున్ కళ్లు చూసి, గడ్డం తుడుచుకుని బయటపడింది. కొట్లో మేమిద్దరమే మిగిలాం. సైయున్ నా వైపు తిరిగింది.

"సంతోషమా నాన్నా? నీ కథల పిచ్చి నా పిల్లకి అంటించావు. తర్వాతేంటి, తర్వాతేంటి అని రోజూ అడిగావు. ఇప్పుడు చెప్పు, తర్వాతేంటి? నాలా అవుతుంది. అదే తర్వాత."

"నీకేం తక్కువే..."

"నాకేం తక్కువా?" గరిటె గిన్నె మీద కొట్టింది. "నాకు మూడు మార్కులు తక్కువ! మూడంటే మూడు. ఇంగ్లీషులో. ఇంకో ఏడాది చదివిస్తే వస్తుందని మా టీచరు రెండు కొండలు దాటి మన ఇంటికి నడిచి వచ్చారు. నువ్వేమన్నావో గుర్తుందా? చెప్పుల ఫ్యాక్టరీలో మనుషులు కావాలంట, సోమవారం బస్సు ఉందన్నావు. ఆయనకి గుడ్లు అర డజను మూటకట్టి సాగనంపావు. నా పేపర్ చూశావా నాన్నా? ఒక్కసారి? అంకె అడిగావు, బస్సెక్కించావు. నేను పదహారేళ్లు చెప్పులకి అడుగులు అంటించాను. జిగురు వాసనకి రాత్రి అన్నం సయించేది కాదు. ఇప్పుడు నువ్వు నా కొట్లో కూర్చుని నవ్వులాటలు ఆడతావా?"

పదకొండేళ్లు సంచీలో మోసిన ఉత్తరం మాట విని అబ్బురపడ్డాను గానీ, ఇరవై ఎనిమిదేళ్లు మా ఇంట్లోనే ఒకటి తిరుగుతోందని నాకు తట్టలేదు. దాని మీద పేరూ ఊరూ స్పష్టంగానే ఉన్నాయి. అది నాదే.

నేను పీట మీంచి లేచాను. "తప్పు నాదే సైయున్," అన్నాను. "ఆ రోజు టీచరుగారిని వెనక్కి పంపింది నేనే. నీ పేపర్ నేను చూడలేదు. చూడాల్సింది."

సైయున్ గరిటె కింద పెట్టింది. చాలాసేపు నన్ను చూసింది. తర్వాత బకెట్టు దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, పుస్తకాన్ని రెండు చేతుల్తో, నీళ్లలోంచి పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తింది.

కొట్టు షట్టరు సగం దించేసింది. నూడుల్స్ వడకట్టే వెదురు పళ్లేలు నాలుగు బల్లల మీద పరిచి, తడిసిన పేజీల మధ్య చాప్‌స్టిక్స్ ఒక్కొక్కటి దూర్చి, పుస్తకాన్ని విసనకర్రలా విప్పి నిలబెట్టింది. తర్వాత పైకి వెళ్లి ఒక నిఘంటువు తెచ్చింది. దాన్ని నేనెప్పుడూ చూడలేదు. అట్ట ఊడిపోతే నల్ల దారంతో కుట్టి ఉంది. చెప్పుల ఫ్యాక్టరీ దారం, మైనం పూసినది, నాకు తెలుసు. అంటే ఆనాడు సైయున్ దాన్ని ఫ్యాక్టరీ బస్సులో తనతో తీసుకెళ్లిందన్నమాట.

మధ్యాహ్నానికి కావాలి కదా అని సైయున్ ఒక వాయి నీళ్లలోకి దించి కోడిపిల్లని తిప్పింది. కూర్చుంది. మొదటి పేజీ తీసింది. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో నిఘంటువు. పెదవులు కదులుతున్నాయి. కోడిపిల్ల గణగణ మోగింది. వినలేదు. నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఇరవై నిమిషాలయ్యేసరికి గిన్నెలో నూడుల్స్ గంజైపోయాయి. పదకొండేళ్ల కొట్టు చరిత్రలో సైయున్ ఒక్క వాయి కూడా పాడు చెయ్యలేదు. ఆ రోజు గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది, తను మాత్రం తల ఎత్తలేదు.

ఓసారి మాత్రం జాడీ మీది చీటీ వైపు చూసి, మళ్లీ పుస్తకం వైపు చూసి, "పశ్చాత్తాపం," అంది నెమ్మదిగా. "ఎంత చక్కగా వాడిందో చూడు నాన్నా."

పన్నెండింటికి తింగ్‌యూ అన్నానికి వచ్చింది. సగం దించిన షట్టరు కింద వంగి లోపలికి అడుగు పెట్టి ఆగిపోయింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కొట్టంతా మాడిన వాసన. బల్లల మీద తన పుస్తకం చాప్‌స్టిక్స్ గుచ్చుకుని ముళ్లపందిలా నిలబడి ఉంది.

సైయున్ తలెత్తలేదు. వేలు పేజీ మీదే ఉంది.

"ఇక్కడ 'ఆమె తలుపు' తర్వాత మాట తడిసిపోయింది. ఏం రాశావ్?"

తింగ్‌యూ నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"కొట్టలేదు," అంది పిల్ల. "ఆమె తలుపు కొట్టలేదు."

"ఎందుకు కొట్టలేదు?"

"చదువమ్మా. తర్వాతి లైన్లో ఉంది."

సైయున్ చదివింది. పిల్ల సంచీ దింపలేదు, నిలబడే ఉంది. దీవిలో ఉత్తరాలావిడ ఇంటింటికీ వెళ్లి ఈ ఉత్తరం మీదేనా అని అడుగుతుంది. ప్రతి ఇంట్లోనూ నాదే అంటారు. ఎందుకంటే ఆ దీవిలో ఉత్తరం కోసం ఎదురు చూడని ఇల్లు లేదు. చివరి ఇంటి తలుపు కొట్టే పనే లేదు, అక్కడి ముసలావిడ తానే పడవ దగ్గరికి వచ్చి పడవ గది తలుపు తీయమంటుంది, పదకొండేళ్లు నిలబడ్డానంటుంది. ఆ మాటనే యంత్రం పొద్దున ప్రేమలేఖ చేసింది. పేజీ అక్కడితో అయిపోయింది. సైయున్ తిప్పింది. అవతల తెల్లగా ఉంది.

"మరి ఉత్తరం ఎవరిది?" అంది సైయున్. గొంతులో కోపం లేదు, ఆత్రం ఉంది.

"తెలీదు. ఇంకా రాయలేదు. తాతయ్యేమో తిమింగలం మింగేసిందని రాసెయ్యమంటాడు."

"ఈయన అన్ని కథల్లోనూ తిమింగలమేనా?"

"మంచులో రైలు కథలో కూడా తిమింగలమే వచ్చింది."

ఇద్దరూ కలిసి నా వైపు అసహ్యంగా చూశారు. నేను ఆ చూపుని సంతోషంగా భరించాను, ఎందుకంటే ఆ రోజు వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే.

సైయున్ కళ్లు తుడుచుకుంది. "మిరప్పొడి," అంది. ఆ బల్ల మీద మిరప్పొడి లేదు. "తాళం బడికి ఫోన్ చేశాను. పేరు కొట్టెయ్యమన్నాను. నవ్వకు! నాకింకా కోపంగానే ఉంది. పదహారు మార్కులు తెల్లగా వదిలేసే హక్కు నీకెవరిచ్చారు? నీకు చదవడం వస్తే సరిపోదు, వచ్చని పేపర్ దిద్దేవాళ్లకి తెలియాలి. తెలియకపోతే నిన్నూ ఎవరో ఒక అంకె చూసి బస్సెక్కిస్తారు. అది నేను చూడలేను."

"ఆ అంకె చూసి బస్సెక్కించబోయింది నువ్వే కదమ్మా."

సైయున్ లేచి వెళ్లి కూతురి భుజం మీంచి సంచీ తీసి కింద పెట్టింది. చొక్కా జిప్పు గడ్డం దాకా ఉంటే కొంచెం కిందికి లాగింది.

"అవును. నేనే," అంది. "నేను కూడా," అంటూ నా వైపు ఒకసారి చూసింది.

తింగ్‌యూ ఏడ్చింది. అప్పటిదాకా బిగబట్టుకుంది కాబోలు, తల్లి ఏప్రాన్‌లో మొహం పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. సైయున్ తడి చేత్తో దాని వీపు నిమురుతూ, ఏడుపులోనే బేరం పెట్టింది:

"ఒప్పందం. పరీక్ష హాల్లో దొంగలా వెళ్లు. ఏడు నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ కాదు. ఇంటికొచ్చాక అదే ఇంటికి చుట్టంలా వెళ్లు. ఎంతసేపు కూర్చుంటావో కూర్చో. పెళ్లి ఫొటోలన్నీ చూడు. నాక్కూడా చూపించు."

"సంతకం?"

"అంతా చదివాకే పెడతాను. కాబట్టి కాస్త పెద్ద అక్షరాలతో రాయి."

ఆ తర్వాత నెల పరీక్షలో పిల్ల అయిదు ప్యాసేజ్‌లూ పూర్తి చేసింది. జూన్ పరీక్షలో ఎన్ని వచ్చాయని అడగకండి. అడిగితే మీరూ ప్రశ్నలు పట్టుకుని చదివే రకమని తేలిపోతుంది. ఇప్పుడు సాయంత్రం అలసందకాయలు తరిగే దగ్గర ముగ్గురం కూర్చుంటున్నాం. సైయున్ నాకన్నా ఘోరంగా "తర్వాత?" అంటోంది. ఉత్తరం ఎవరిదన్న దాని మీద ముగ్గురికీ మూడు అభిప్రాయాలున్నాయి. నాది మీకు తెలుసు.

చివరిగా ఒక్క మాట. ఇందులో నేను కల్పించింది ఒకటుంది. ప్లంబర్ కాదు, అతను నిజంగానే వాళ్లావిడ మీద ఇంగ్లీషు వాడుతున్నాడు. గంజి పొంగడం కూడా నిజమే. "తప్పు నాదే సైయున్," అని పీట మీంచి లేచి అన్నానని రాశాను చూడండి, అది అబద్ధం. నేను లేవలేదు. ఒక్క మాట అనలేదు. తల దించుకుని వెల్లుల్లి వలిచాను, అవసరానికి మించి రెండు బుట్టలు. వారం పాటు మా కొట్లో తిన్నవాళ్ల పక్కన ఎవరూ కూర్చోలేదు. సైయున్ నా జవాబు కోసం చాలాసేపు చూసి, రాకపోయేసరికి, తనంతట తానే వెళ్లి ఆ పుస్తకం ఎత్తింది.

ఈ కథ అందరికన్నా ముందు సైయున్ చదువుతుంది. ఇదివరకైతే నాకు ఏ బెంగా ఉండేది కాదు, పైపైన చూసి వదిలేసేది. ఇప్పుడు ఆఖరి లైన్ దాకా చదువుతోంది. అందుకే ఆ రోజు అనలేని ఆ మాట ఇక్కడ పెట్టాను.